వాంతి ఆగింది, వికారం ఆగలేదు: కీమో రోజుల్లో ఏది మేలు?

మా అక్కకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక నాలుగు విడతలు ఎర్ర మందు ఎక్కించారు. 21 రోజులకు ఒక విడత. అసలు పేరు డాక్సోరూబిసిన్, రంగును బట్టి వార్డులో అందరూ ఎర్ర మందే అంటారు. దానికి తోడు సైక్లోఫాస్ఫమైడ్. ఈ రెండూ కలిస్తే కడుపును తిప్పడంలో అన్నిటికన్నా పైవరసలో ఉంటాయని మొదటి విడత నాటికి నాకు తెలియదు.

ఆ రాత్రి ఒక్కసారే వాంతి అయింది. తర్వాత నాలుగు రోజులు ఒక్కటీ కాలేదు. కానీ నోట్లో నీళ్లూరడం, కడుపులో దేవినట్టు ఉండటం, పక్కింటి పోపు వాసనకే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోవడం. రెండో విడతకు వెళ్లినప్పుడు నర్సు "వాంతులు బాగా అయ్యాయా అమ్మా?" అని అడిగింది. "లేదమ్మా, ఒక్కటే" అంది అక్క. నిజమే చెప్పింది. కాగితం మీద అంతే రాసుకున్నారు. నాలుగు రోజులు గంజి తప్ప ఏమీ దిగని సంగతి ఎక్కడా రాలేదు. వాంతి వేరు, వికారం వేరు. ఒకదానికి పనిచేసే మందు రెండోదానికి అంతగా పనిచేయదు. ఇది ముందే తెలిసుంటే ఆ నాలుగు రోజులు తప్పేవేమో.

మొదటి ప్రశ్న: వాంతి వచ్చాక మాత్ర వేసుకోవడమా, రాకముందేనా? మేం వచ్చాక వేశాం. తప్పు. తొలి 24 గంటల వాంతులకు ముఖ్య కారణం పేగుల్లో విడుదలయ్యే సెరటోనిన్. అందరూ ఎమెసెట్ అని అడిగి తెచ్చుకునే ఆన్‌డాన్‌సెట్రాన్ దాన్ని అడ్డుకుంటుంది. రెండో రోజు నుంచి ఐదో రోజు దాకా వచ్చేదానికి దారి వేరు, అక్కడ మెదడులోని మరో రసాయనం పని ఎక్కువ. దానికి అప్రెపిటెంట్ క్యాప్సూల్ ఉంది: కీమో రోజు 125 మిల్లీగ్రాములు, తర్వాతి రెండు రోజులు 80 చొప్పున. మొదటిది మందు ఎక్కించడానికి గంట ముందే పడాలి. ఒకసారి మొదలైన వికారాన్ని వెనక్కి నెట్టడం చాలా కష్టం. కాబట్టి డాక్టరు రాసిన రోజులన్నీ, బాగానే ఉన్నా సరే, వేళకు వేయడమే మేలు.

ఆన్‌డాన్‌సెట్రాన్ ఇంకొకటి వేస్తే పోలా అనిపిస్తుంది. మేమూ అలాగే అనుకున్నాం. అది మలబద్ధకం తెస్తుంది. మూడు రోజులు విరేచనం కాకపోతే ఆ బరువుకే మళ్లీ కడుపు తిప్పుతుంది. అక్క విషయంలో మూడో రోజు బాధ సగం దీనిదే అని ఇప్పుడు అనుకుంటాను.

మూడో విడతకు ముందు నేనే గట్టిగా చెప్పాను: "సార్, వాంతులు లేవు, కానీ వికారం ఐదు రోజులూ ఉంది." ఆయన రాత్రిపూట వేసుకోమని ఓలాంజపిన్ చిన్న మోతాదు చేర్చారు. మెడికల్ షాపు అబ్బాయి చీటీ చూసి "ఇది మానసిక జబ్బులకు ఇచ్చే మాత్ర కదా అక్కా, ఎవరికి?" అన్నాడు. అమ్మ అక్కడే భయపడిపోయి వద్దంది. అబ్బాయి చెప్పిందీ నిజమే, డాక్టరు రాసిందీ సరైనదే. 2016లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో మామూలు మాత్రలకు ఓలాంజపిన్ 10 మిల్లీగ్రాములు కలిపినవారిలో తొలి 24 గంటల్లో అసలు వికారమే లేనివారు 74 శాతం, కలపనివారిలో 45 శాతం. చిక్కల్లా మత్తు. దానికీ మన దేశంలోనే జవాబు దొరికింది. ముంబై టాటా మెమోరియల్ వైద్యులు 2.5 మిల్లీగ్రాములను 10తో పోల్చి 2024లో ఫలితాలు ప్రచురించారు. వాంతులను ఆపడంలో చిన్న మోతాదు తీసిపోలేదు, మత్తు బాగా తగ్గింది. అందుకే మీ చీటీలో 10 ఉండి, మనిషి పగలంతా తూలుతుంటే, మాత్ర మానేయకుండా మోతాదు తగ్గించవచ్చేమో అడగండి. ఇంట్లో పాత పెరినార్మ్ (వాంతులకు వేసే మెటోక్లోప్రమైడ్ మాత్ర) ఉంది కదా అని దీనితో కలపకండి.

వాంతులు రాకుండా వీటితో పాటు ఇచ్చే స్టెరాయిడ్ మాత్ర డెక్సామెథసోన్ గురించి ఒక్క మాట. పొద్దున వేస్తే మేలు, రాత్రి వేస్తే నిద్ర పట్టదు. షుగర్ ఉన్నవాళ్లు ఆ రోజుల్లో షుగర్ చూసుకుంటూ ఉండాలి.

ఇక వంటిల్లు. అల్లమా, నిమ్మకాయా? అల్లానికి కొంత ఆధారం ఉంది. 576 మందితో చేసిన అధ్యయనంలో రోజుకు అర గ్రాము నుంచి ఒక గ్రాము దాకా అల్లం క్యాప్సూళ్లు కీమోకు మూడు రోజుల ముందు నుంచే ఇస్తే తొలి రోజు వికారం తగ్గింది. వాళ్లంతా మాత్రలూ వేసుకుంటున్నవాళ్లే, మాత్రలు మాని అల్లం తిన్నవాళ్లు కారు. అర గ్రాము అంటే శొంఠి పొడి పావు టీస్పూను అటూ ఇటూ. ప్లేట్‌లెట్లు తగ్గి ఉంటే డాక్టరుకు చెప్పకుండా వద్దు. నిమ్మకాయ వాసన అక్కకు బాగా నచ్చింది, కోసిన చెక్క పక్కనే పెట్టుకునేది. నిమ్మరసం తాగితే మాత్రం, వారం తర్వాత నోరు పూసినప్పుడు మంటెత్తింది. నా లెక్కలో నిమ్మ ముక్కుకు, అల్లం కడుపుకు.

వేడి అన్నమా, చల్లారినదా అంటే చల్లారినదే. వేడి కూరకు వాసన ఎక్కువ. అక్కకు దిగినవి పెరుగన్నం, చల్లారిన ఇడ్లీ, పల్చటి రాగిజావ. ఖాళీ కడుపుతో ఆసుపత్రికి వెళ్లడం కన్నా రెండు ఇడ్లీలు తిని వెళ్లడం నయం. తర్వాత రెండు గంటలకోసారి నాలుగు ముద్దలు.

ఎంత చేసినా ఒక రోజంతా మంచినీళ్లు కూడా నిలవకపోయినా, మూత్రం బాగా తగ్గి ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయాలి. జ్వరం 100.4 దాటితే రాత్రయినా సరే, తెల్లారేదాకా ఆగకూడదు.

ఇంకొకటి, ఎవరూ చెప్పనిది. అక్కకు గోంగూరంటే ప్రాణం. మొదటి కీమో రోజు బిడ్డ తింటుందని అమ్మ గోంగూర పప్పు వండింది. ఆ రాత్రి అయిన వాంతి అదే. తర్వాత ఏడాది దాకా ఆ ఆకు ఇంట్లోకి రానివ్వలేదు. కడుపు తిప్పిన రోజు తిన్నదాన్ని శరీరం పగబట్టినట్టు గుర్తుపెట్టుకుంటుంది. కాబట్టి ఆ రెండు మూడు రోజులు మీ మనిషికి ప్రాణమైన కూర వండకండి. పెద్దగా ఇష్టంలేని, చప్పటి సొరకాయో పెసరకట్టో చాలు.