స్కాట్లాండ్‌లో ప్లానింగ్ అనుమతి రాకపోతే: కౌన్సిలర్ల సమీక్షా, రిపోర్టర్ దగ్గర అప్పీలా?

ముందు చూడాల్సింది, కాదన్నది ఎవరు అని. దారి దాన్నిబట్టే ఉంటుంది, దరఖాస్తుదారు ఎంచుకునేది కాదు.

ఇంటి వెనక గది లాంటి చిన్న పనిని కౌన్సిల్ అధికారి తిరస్కరిస్తే, అదే కౌన్సిల్‌లోని లోకల్ రివ్యూ బాడీకి వెళ్లాలి. 2009లో మొదలైన పద్ధతి ఇది. కనీసం ముగ్గురు కౌన్సిలర్లు బహిరంగంగా సమావేశమై, దరఖాస్తును మొదటినుంచీ మళ్లీ పరిశీలిస్తారు. అధికారి చేసింది సబబేనా అని చూసి వదిలేయరు. కావాలనుకుంటే స్థలం చూడటానికి వస్తారు, ఇంకా వివరాలు అడుగుతారు. ఊరు తెలిసినవాళ్లు చూడటం నిజంగా మంచిదే. కానీ కాదన్న కౌన్సిలే మళ్లీ తీర్పు చెబుతోందన్న అనుమానం చాలామందికి ఉంటుంది. అది అర్థం లేని అనుమానమేమీ కాదు.

పెద్ద ప్రాజెక్టులు, కౌన్సిలర్ల కమిటీయే తిరస్కరించినవి మాత్రం స్కాటిష్ మంత్రులకు అప్పీలుగా వెళ్తాయి. వాళ్ల తరఫున సాధారణంగా రిపోర్టర్ అనే స్వతంత్ర నిపుణుడు నిర్ణయిస్తారు. కౌన్సిల్‌తో సంబంధం ఉండదు కాబట్టి, నమ్మకం విషయంలో నా మొగ్గు ఇటే.

రెండింటికీ గడువు 3 నెలలే. మొదట అధికారుల ముందు పెట్టని కొత్త విషయాలను తర్వాత తేవడం రెండుచోట్లా కష్టం. అందుకే డ్రాయింగులు, కారణాలు అన్నీ అసలు దరఖాస్తులోనే పెట్టేయండి. పొరుగువాళ్లకు మాత్రం ఈ రెండు దారులూ లేవు. అనుమతి ఇచ్చేస్తే వాళ్లు అప్పీలు చేయలేరు. ఇది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. రివ్యూ బాడీ లేదా రిపోర్టర్ నిర్ణయం తర్వాత మిగిలేది స్కాట్లాండ్‌లోని పై స్థాయి సివిల్ కోర్టు అయిన కోర్ట్ ఆఫ్ సెషన్, అదీ 6 వారాల్లోపు, చట్టపరమైన తప్పు జరిగిందంటేనే.