లక్ష రూపాయలతో మొదలు: ఆకుకూరల మడి మేలా, పాడి గేదె మేలా?

కౌలుకు దొరికిన అర ఎకరం, పక్క రైతు బోరులో నీటి వాటా, చేతిలో లక్ష రూపాయలు. వీటితో ఆకుకూరలు వేయాలా, గేదెను కొనాలా అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. గత ఏడాది నేను కూడా ఇదే ప్రశ్న దగ్గర ఆగి, ఆకుకూరలు వేశాను.

కాగితం మీద లెక్క వేస్తే గేదె వైపే మొగ్గు వస్తుంది. పూటకు నాలుగు లీటర్ల చొప్పున ఇచ్చినా పాల కేంద్రంలో వెన్న శాతాన్ని బట్టి డబ్బు వస్తుంది, అమ్ముకోవడానికి ఎక్కడికీ తిరగనక్కర్లేదు. పేడ పొలానికి పనికొస్తుంది. కిసాన్ క్రెడిట్ కార్డు పాడికీ వర్తిస్తుంది. 2025 జనవరి నుంచి 2 లక్షల రూపాయల వరకు తనఖా లేకుండా రుణం ఇవ్వవచ్చు.

అయినా కొత్తవాళ్లు ముందుగా చూడవలసింది లాభం కాదంటాను. తప్పు చేస్తే ఎంత పోతుంది, మళ్లీ ప్రయత్నించడానికి ఎన్నాళ్లు ఆగాలి అన్నది చూడాలి. ఎందుకంటే మొదటి ఏడాది తప్పులు చేయనివారు లేరు.

నేను మొదటిసారి కొత్తిమీర వేసినప్పుడు ధనియాలను రెండు బద్దలుగా నలపకుండా అలాగే చల్లాను. పన్నెండో రోజున వంగి చూస్తే మడిలో అక్కడొక మొలక, ఇక్కడొక మొలక. పోయింది విత్తనాల ఖర్చు, రెండు వారాల కాలం. అదే మడిని మళ్లీ గుల్ల చేసి, తోటకూర విత్తనాలను ఇసుకతో కలిపి పలుచగా చల్లాను. 27వ రోజు తెల్లవారుజామున కోసి, కట్టలు కట్టి, తడి గోనెపట్టాలో చుట్టి సంతకు తీసుకెళ్లాను. పాలకూరైతే ఒకసారి వేస్తే నాలుగైదు కోతలు వస్తాయి. 20 సెంట్లను ఐదారు మడులుగా చేసి వారానికో మడి విత్తితే, ఏడాదిలో చాలాసార్లు తప్పు దిద్దుకునే వీలుంటుంది.

గేదె విషయంలో ఆ వీలు లేదు. మంచి ముర్రా గేదె కొనడానికే లక్ష దాదాపు అయిపోతుంది. మా ఊళ్లో ఒకాయన సంతలో పొదుగు నిండుగా ఉందని చూసి కొన్నాడు. ముందు పూట పాలు తీయకుండా ఆపి అమ్మారని ఇంటికి వచ్చాక తెలిసింది. పూటకు రెండు లీటర్లు దాటలేదు. మళ్లీ చూడి కట్టి ఈనాలంటే పది నెలలు పైగా పడుతుంది. అన్నాళ్లూ మేత తప్పదు, రోజుకు పాతిక కిలోల పచ్చిగడ్డి కావాలి. పొదుగువాపు వస్తే ఉన్న పాలూ పోతాయి.

మేత దగ్గర కౌలుదారుకు మరో చిక్కు ఉంది. సూపర్ నేపియర్ అనే మేత గడ్డి ఒకసారి నాటితే కొన్నేళ్ల పాటు కోతకు వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద కౌలుదారుకు ఇచ్చే సాగు హక్కు పత్రం గడువు 11 నెలలే. ఏడాది తిరిగేసరికి యజమాని పొలం తీసుకుంటే గడ్డి అతనికి మిగులుతుంది, గేదె మీకు మిగులుతుంది. ఆకుకూరల్లో వదులుకోవలసింది నెల పంటే.

ఆకుకూరల కష్టం తక్కువేమీ కాదు. జూలై, ఆగస్టు ముసుర్లలో మడి కుళ్లిపోతుంది. శీతకాలంలో అందరి కూరా ఒకేసారి వచ్చి ధర పడిపోతుంది. కోసిన కూర సాయంత్రానికి అమ్ముడుపోవాలి. దగ్గరలో రైతు బజారు గానీ, నడిచి వెళ్లగలిగే వీధులు గానీ లేకపోతే ఈ సలహా మీకు పనికిరాదు. అలాంటి చోట పాలే మేలు.

గేదెకు బదులు కోళ్లో, మేకలో అనుకుంటే, నాటుకోళ్లకు అమ్మకం బరువు రావడానికి నాలుగైదు నెలలు పడుతుంది, కొక్కెర తెగులుకు టీకాలు తప్పనిసరి. మేకలకు మేపేవాళ్లు ఇంట్లో ఉండాలి.

ఆకుకూరల రోజువారీ అమ్మకం ఆరు నెలలు నిలబడ్డాక గేదెను కొనండి. రెండో ఈతలో ఉన్నదాన్ని ఎంచుకోండి. వరుసగా మూడు పూటలు మీ ఎదుటే పాలు పిండించి, కొలిచి, ఆ తర్వాతే బయానా ఇవ్వండి.