కాఫ్కాకు టాలీ, పోస్ట్‌గ్రెస్, చెరువు సెన్సర్లు కలిపి మూడేళ్లు: అతుకుల దగ్గరే అసలు పని

భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో ఒకే రోజు నాలుగు లెక్కలు నడుస్తాయి. చెరువు గట్టున ఆక్సిజన్ మీటర్లు, పట్టుబడి దగ్గర కాటా, లోపల గ్రేడింగ్, ఆఫీసులో టాలీ. ఈ నాలుగింటినీ అపాచీ కాఫ్కాతో (వచ్చిన ప్రతి మెసేజ్‌నూ వరసగా రాసి ఉంచి, అడిగిన ప్రోగ్రాములకు అందించే సాఫ్ట్‌వేర్) కలిపి మూడేళ్లుగా వాడుతున్నాం. కాఫ్కా గట్టి సరుకు. తంటా అంతా మిగతా సాఫ్ట్‌వేర్లను దానికి అతికే చోటే వస్తుంది. అందుకే బ్రోకర్ల (కాఫ్కా నడిచే సర్వర్ల) గురించి ఇక్కడ రెండు ముక్కలే చెబుతాను.

బ్రోకర్లు మూడు. ప్రతి మెసేజ్‌కు మూడు కాపీలు (రెప్లికేషన్ ఫ్యాక్టర్ 3), కనీసం రెండు కాపీలు తాజాగా ఉంటేనే రాత ఖాయం (మిన్ ఇన్‌సింక్ రెప్లికాస్ 2, యాక్స్ ఆల్). ఒక మెషీన్ పడిపోయినా రాత ఆగదు. మా డేటా నిజానికి చాలా చిన్నది. 200 మీటర్లు 10 సెకన్లకోసారి 200 బైట్ల చొప్పున పంపితే రోజుకు 345 ఎంబీ, మూడు కాపీలకు ఒక జీబీ పైచిలుకు. ఇంత కొంచెం డేటాకు కాఫ్కా ఎందుకంటారా? ధవళేశ్వరం దగ్గర నిలిపిన నీటిని తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు ఎవరి కాలువతో వాళ్లు తీసుకుంటాయి కదా, ఇదీ అలాంటిదే. పైగా ఇక్కడ ఒకరు తోడుకుంటే ఇంకొకరికి తగ్గదు, నిన్నటి నీళ్లు ఇవాళ మళ్లీ తోడుకోవచ్చు. గ్రేడింగ్ రిపోర్టులో తప్పు దొర్లితే ఆఫ్‌సెట్ (ఎక్కడిదాకా చదివామనే గుర్తు) వెనక్కి జరిపి వారం డేటాను తిరిగి నడిపించుకోగలగడం, ఆ ఒక్క సుఖానికే దీన్ని పెట్టుకోవచ్చు.

చెరువు మీటర్లను నేరుగా కాఫ్కాకు కట్టకండి. కాఫ్కా క్లయింటు (దానితో మాట్లాడే ప్రోగ్రాము) అడ్వర్టైజ్డ్ లిజనర్స్ సెట్టింగులో ఉన్న ప్రతి బ్రోకర్ అడ్రసునూ విడివిడిగా అందుకోవాలి. సిమ్ కార్డు నెట్‌వర్కు మీద అది నిలకడగా జరగదు. మధ్యలో మస్కిటో అనే ఎంక్యూటీటీ బ్రోకర్ (చిన్న పరికరాల మెసేజ్‌లు అందుకునే సర్వరు) పెట్టి, క్యూఓఎస్ 1తో (అందిందని జవాబు వచ్చేదాకా మళ్లీ పంపే పద్ధతి) పంపించి, కాఫ్కాకు చేరవేసే బ్రిడ్జి ప్రోగ్రాముకు క్లీన్ సెషన్ తీసేయాలి, అప్పుడే లైను తెగినా దాని మెసేజ్‌లు క్యూలో నిలుస్తాయి. ఇక్కడొక అంకె చూసుకోండి. మస్కిటో 2లో ఒక్కో క్లయింటుకు క్యూ పరిమితి డిఫాల్ట్‌గా 1000 మెసేజ్‌లు. సెకనుకు 20 వస్తుంటే 50 సెకన్లలో నిండిపోతుంది, ఆ తర్వాత వచ్చినవి పోయినట్టే. తుఫాను రోజుల్లో ఆరు గంటలు లైను లేకపోయినా తట్టుకోవాలంటే 4,32,000 మెసేజ్‌లకు చోటు కావాలి. 5 లక్షలు పెట్టి, పర్సిస్టెన్స్ (క్యూను డిస్కు మీద దాచడం) ఆన్ చేయండి. క్యూఓఎస్ 1 కాబట్టి ఒకే రీడింగు రెండుసార్లు రావచ్చు. మీటర్ నంబరు, రీడింగు టైము కలిపి చూసి రెండోదాన్ని వదిలేయాలి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. చెరువులో ఆక్సిజన్ పడిపోయేది తెల్లవారుజామునే. ఏరేటర్ వేయమని మోగే సైరను గట్టు మీదున్న కంట్రోలర్ నుంచే మోగాలి. కాఫ్కా, సర్వరు, ఇంటర్నెట్ అన్నీ సరిగ్గా ఉంటేనే మోగే సైరను మీద రొయ్యను వదలకూడదు.

కాటా, గ్రేడింగ్ డేటా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉంటుంది. దాన్ని డెబీజియం అనే కనెక్టర్ చదివి కాఫ్కాలో వేస్తుంది. వాల్ (ప్రతి మార్పునూ పోస్ట్‌గ్రెస్ ముందుగా రాసుకునే చిట్టా) లెవెల్ లాజికల్ చేసి, పీజీ అవుట్‌పుట్ ప్లగిన్‌తో స్లాట్ (డెబీజియం ఎంతవరకు చదివిందో గుర్తుంచుకునే చోటు) పెడితే పది నిమిషాల్లో డేటా కదులుతుంది. తర్వాతే జాగ్రత్త పడాలి. డెబీజియం ఎంతవరకు చదివానని చెప్పిందో, అక్కడి నుంచి వాల్ ఫైళ్లను పోస్ట్‌గ్రెస్ పారేయకుండా దాచిపెడుతుంది. కనెక్టర్ ఆగిన సంగతి ఎవరూ చూడకపోతే డిస్కు నిండి, డేటాబేస్ ఆగి, చివరికి కాటా ఆగుతుంది. మ్యాక్స్ స్లాట్ వాల్ కీప్ సైజ్‌కు ఒక హద్దు పెట్టండి (మాది 20 జీబీ). హద్దు దాటితే స్లాట్ చెల్లకుండా పోతుంది, స్నాప్‌షాట్ (మొత్తం డేటా కాపీ) మళ్లీ తీయాలి. అయినా కాటా మాత్రం ఆగదు.

కనెక్టర్ బాగానే ఉన్నా ఇదే జరిగే సందర్భం ఇంకొకటుంది. పట్టుబడులు లేని రోజుల్లో లాట్ల (కాటా, గ్రేడింగ్) డేటాబేస్‌లో ఒక్క రాత ఉండదు. అదే సర్వరులో హాజరు డేటాబేస్ మాత్రం రాస్తూనే ఉంటుంది. వాల్ రెంటికీ ఒకటే. లాట్ల వైపు మార్పు లేక స్లాట్ ముందుకు జరగదు, ఫైళ్లు పేరుకుంటాయి. హార్ట్‌బీట్ ఇంటర్వల్‌తో పాటు హార్ట్‌బీట్ యాక్షన్ క్వెరీ ఇచ్చి, ఒక చిన్న టేబుల్‌లో నిమిషానికోసారి రాయిస్తే తీరిపోతుంది.

విలువల తేడాలు మొదటి రోజే పట్టుకోవాలి. కిలో ధర రూ. 340.50 అని న్యూమరిక్ కాలమ్‌లో ఉంటే, డిఫాల్ట్ సెట్టింగుతో జేసన్‌లో (మెసేజ్‌ను అక్షరాలుగా రాసే రూపం) అది ఏ, ఐ, యు, సి అనే నాలుగు అక్షరాలుగా వస్తుంది. పాడైన డేటా కాదది. 34050 అనే అంకెను బైట్లు చేసి బేస్ 64లో రాసిన రూపం. డెసిమల్ హ్యాండ్లింగ్ మోడ్‌ను స్ట్రింగ్ చేయండి. డబుల్ (దశాంశాన్ని ఉజ్జాయింపుగా దాచే రకం) వద్దు, పైసలు తేడా వస్తాయి. టైమూ అంతే. టైమ్‌జోన్ లేని టైమ్‌స్టాంప్‌ను డెబీజియం యూటీసీగా తీసుకుంటుంది. అవతల రిపోర్టు దాన్ని మన టైముకు మారిస్తే, సాయంత్రం 7 గంటల లాటు రాత్రి 12:30కి చేరి మర్నాటి లెక్కలో పడుతుంది. కాలమ్‌నే టైమ్‌జోన్‌తో పెట్టుకోవడం మేలు.

టాలీ వైపు మేం చిన్న కన్స్యూమర్ (కాఫ్కా నుంచి చదివే ప్రోగ్రాము) రాసుకున్నాం. టాలీప్రైమ్ 9000 పోర్టులో ఎక్స్‌ఎంఎల్ వోచర్లు తీసుకుంటుంది. కంపెనీ తెరిచి ఉండాలి. పంపాక హెచ్‌టీటీపీ 200 (అందింది అనే జవాబు) వచ్చిందని సంబరపడకండి. జవాబు ఎక్స్‌ఎంఎల్‌లో క్రియేటెడ్, ఆల్టర్డ్, ఎర్రర్స్ అంకెలుంటాయి, వాటిని చదివాకే ఆఫ్‌సెట్ కమిట్ చేయాలి. లెడ్జరు పేరులో అక్షరం తేడా ఉన్నా వోచరు పడదు, దాన్ని వేరే టాపిక్‌లో (కాఫ్కాలో మెసేజ్‌ల విడి వరస) పక్కన పెట్టి అకౌంటెంటుకు చూపించాలి. ఒక్కసారికి తెచ్చుకునే మెసేజ్‌ల హద్దు (మ్యాక్స్ పోల్ రికార్డ్స్) డిఫాల్ట్‌గా 500. ఐదు నిమిషాల్లో అన్ని వోచర్లు ఎక్కకపోతే కన్స్యూమర్‌ను గ్రూపు (కలిసి చదివే కన్స్యూమర్ల జట్టు) నుంచి కాఫ్కా తీసేస్తుంది, అవే వోచర్లు మళ్లీ వస్తాయి. 20కి తగ్గిస్తే హాయి.

నెలాఖరు కాస్టింగ్ లాంటి, ఎప్పుడో ఒకసారి నడిచే ప్రోగ్రాములకు ఇంకో గండం. గ్రూపులో ఎవరూ లేకుండా 7 రోజులు దాటితే కాఫ్కా దాని ఆఫ్‌సెట్లు తుడిచేస్తుంది, డేటా నిలువ కూడా డిఫాల్ట్‌గా 168 గంటలే. రెండూ 35 రోజులకు పెంచాం.

స్కీమా రిజిస్ట్రీ (ఏ ఫీల్డు ఏ రకమో రాసుకుని కాపలా కాసే సర్వరు) లేకుండా మొదలుపెట్టొద్దు. కౌంట్ (రొయ్యల సైజు లెక్క) అనే ఫీల్డు అంకెగా ఉన్నప్పుడు ఎవరైనా దాన్ని 30/40 అని అక్షరాలుగా మారిస్తే, రిజిస్ట్రీ 409 ఎర్రరుతో అక్కడే ఆపుతుంది. అది లేకపోతే ఆ తప్పు ఎగుమతి ఇన్‌వాయిస్ దాకా పోతుంది.

జూకీపర్ (బ్రోకర్లను సమన్వయం చేసే విడి సాఫ్ట్‌వేర్) మీద నడిచే పాత క్లస్టరుంటే నేరుగా కాఫ్కా 4.0కి ఎక్కించలేరు, అందులో జూకీపర్ లేనే లేదు. 3.9కి వచ్చి, అక్కడ కేరాఫ్ట్‌కు (కాఫ్కాలోనే ఉన్న సమన్వయ పద్ధతి) మారి, ఆ తర్వాతే ఎక్కాలి. ఈ పని పట్టుబడులు తక్కువున్న వారంలో పెట్టుకోండి.