ఓరుగల్లు ముట్టడి ఎత్తేసిన రెండుసార్లు: గెలుపెవరిది?

ఖిలా వరంగల్ ముట్టడుల గురించి మాటొస్తే మావాళ్లు అనేదొకటే: "ఢిల్లీ సైన్యం వెనక్కి పోయిందంటే మనం గెలిచినట్టే." నేనొప్పుకోను.

1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫూర్ సైన్యం మట్టికోటను పట్టుకుని, లోపలి రాతికోటను చుట్టుముట్టింది. కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు సంధికి దిగాడు. ఏనుగులు, గుర్రాలు, ధనరాశులు తీసుకుని సైన్యం వెళ్లిపోయింది. కోట మిగిలింది, సింహాసనం మిగిలింది, కానీ ఏటేటా కప్పం కట్టాలి. అది ఆగేసరికి 1318లో ఢిల్లీ సేనాని ఖుస్రో ఖాన్ దండెత్తి వచ్చి మరీ వసూలు చేశాడు. ఇక్కడ వెళ్లిపోయినవాడే గెలిచాడు.

తుగ్లక్‌ల కాలంలో సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ చేసిన మొదటి ముట్టడి వేరు. ఢిల్లీలో సుల్తాను చనిపోయాడని శిబిరంలో పుకారు లేచింది. సర్దార్లు చీలిపోయారు, ఉలుగ్ ఖాన్ దేవగిరికి వెనక్కి తగ్గాడు. కప్పం ముట్టలేదు, కోట దక్కలేదు. ఈ గెలుపు మాత్రం ఓరుగల్లుదే. అయితే శత్రువు బలం విరగలేదు. అదనపు సైన్యంతో తిరిగొచ్చి 1323లో కోట పట్టుకున్నాడు. బందీ అయిన ప్రతాపరుద్రుడు ఢిల్లీ దారిలోనే కన్నుమూశాడు.

రెండిట్లో ఏది మేలంటే, ఓటమే అయినా 1310 సంధే అంటాను. ఆ తర్వాత పదమూడేళ్లు ఊళ్లూ చెరువులూ కాకతీయుల చేతిలోనే ఉన్నాయి.