యాంఫెటమిన్ల వీడియో కోర్సు: మెకానిజం వరకు భేష్

ఫార్మసీ విద్యార్థులకు పాఠాలు చెప్తాను కాబట్టి, క్లాసులో చూపించొచ్చని యాంఫెటమిన్ల (మెదడుని ఉత్తేజపరిచే మందుల) మీద ఈ కోర్సు కొన్నాను. మొదటి భాగానికి పెట్టిన డబ్బు గిట్టుబాటైంది.

అణువు బొమ్మ గీస్తూనే విషయమంతా చెప్పేస్తారు. అమైన్ పక్క కార్బన్‌కి మిథైల్ తగిలిస్తే మోనోఅమైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ దాన్ని విరగ్గొట్టలేదు. నైట్రోజన్ మీద ఇంకో మిథైల్ పెడితే అదే మెథాంఫెటమిన్, కొవ్వులో బాగా కరిగి మెదడులోకి తొందరగా చేరుతుంది. "రీఅప్‌టేక్‌ని ఆపుతుంది" అని (అంటే మెదడులో సందేశాలు మోసే డోపమైన్‌ని నరకణం తిరిగి లోపలికి పీల్చుకోనివ్వదని) తేల్చేయకుండా, మందు ఆ డోపమైన్‌ని పీల్చుకునే ప్రోటీన్ అయిన ట్రాన్స్‌పోర్టర్‌తోనే నరకణంలోకి వెళ్ళడం, వీమ్యాట్‌2ని (డోపమైన్‌ని వెసికిల్స్ అనే నిల్వ సంచుల్లోకి నింపే ప్రోటీన్‌ని) అడ్డుకోవడం, వెసికిల్స్‌లోంచి కారిన డోపమైన్ అదే ట్రాన్స్‌పోర్టర్‌లోంచి ఎదురు తిరిగి బయటపడడం వరుసగా చూపిస్తారు. కొకైన్ దారి వేరని పిల్లలకి ఇంత సులువుగా నేనెప్పుడూ చెప్పలేకపోయాను.

చిక్కంతా న్యూరోటాక్సిసిటీ (నరాలకి జరిగే హాని) పాఠంతోనే. వెనకాల దెయ్యాల సినిమా మ్యూజిక్, తెర మీద తెగిపోయిన సెరటోనిన్ (డోపమైన్ లాంటిదే ఇంకో సందేశవాహకం) నరాల తంతువులు. జంతువులకి ఎంత డోసు, ఎన్ని గంటలకోసారి ఇచ్చారు, గది ఎంత వేడిగా ఉంది? ఒక్క ముక్క లేదు. అదే డోసు చల్లటి గదిలో ఇస్తే ఎలుకలో నష్టం బాగా తగ్గుతుంది. ఈ సంగతి లేకుండా ఇక ఆ పాఠం ఎందుకు? ఏకాగ్రత కుదరని సమస్యకి డాక్టరు రాసిన ఏడీహెచ్‌డీ మాత్రనీ, రోజుల తరబడి పొగ పీల్చే మెథ్‌నీ ఒకే గాటన కట్టేశారు. లిస్‌డెక్సాంఫెటమిన్ అనే ఏడీహెచ్‌డీ మందు నుంచి, దానికి తగిలించిన అమైనో ఆమ్లం లైసిన్‌ని ఎర్రరక్తకణాలు మెల్లగా విడదీస్తేనే అసలు మందు బయటికొస్తుందని చెప్పడానికి రెండు నిమిషాలు చాలు.

ఇంకా ఘోరం, ఎండీఎంఏ (ఎక్స్‌టసీ అనే మాదకద్రవ్యం) కోతుల్లో డోపమైన్ నరాల్ని చంపుతుందంటూ 2002 నాటి సైన్స్ పత్రిక పేపర్‌ని సాక్ష్యంగా చూపించారు. 2003లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. సీసాల లేబుళ్ళు తారుమారై, ఒక్కటి తప్ప మిగతా కోతులన్నిటికీ ఇచ్చింది మెథాంఫెటమిన్. ఈ తప్పు గురించి రాస్తే "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని జవాబొచ్చింది, వీడియో మాత్రం అలాగే ఉంది.

మెథ్ మానేసిన వాళ్ళలో తగ్గిన డోపమైన్ ట్రాన్స్‌పోర్టర్లు చాలా నెలలకి కొంతవరకు కోలుకుంటాయని పెట్ స్కాన్లు (మెదడు లోపలి పనితీరుని చూపే స్కాన్లు) చూపించాయి, జ్ఞాపకశక్తి పరీక్షలు మాత్రం ఆ స్థాయిలో మెరుగవలేదు. నా విద్యార్థులు అడిగేది సరిగ్గా దీని గురించే. ఇక్కడ అది ఒక స్లయిడ్‌కి కూడా నోచుకోలేదు.

చివరి క్విజ్‌లో "ఎండీఎంఏ దెబ్బతీసేది ఏ నరాల్ని?" అని ప్రశ్న. ఏ జంతువులోనో చెప్పరు. చిట్టెలుకలో ముఖ్యంగా డోపమైన్, ఎలుకలో సెరటోనిన్. సెరటోనిన్ అని పెట్టాను, మార్కు కోశారు.