నోరానా, విల్మానా? ఫిలిప్పీన్స్‌లో యాభై ఏళ్లుగా తెగని పంచాయితీ

ఫ్యాన్ వార్ అంటే మనకి హీరోల గొడవే కదా, కటౌట్లు, పాలాభిషేకాలు, మా వాడి రికార్డు మీ వాడి రికార్డు. ఫిలిప్పీన్స్‌లో మాత్రం ఈ గొడవ ఇద్దరు హీరోయిన్లది. నోరా ఔనోర్, విల్మా శాంటోస్. నోరా ఫ్యాన్స్‌ని నోరానియన్స్ అంటారు, విల్మా వాళ్లని విల్మానియన్స్, 70ల్లో మొదలైన కొట్లాట 2025 ఏప్రిల్ 16న నోరా చనిపోయాక కూడా ఆగలేదు. ఫిలిపినో సినిమాలు ఎక్కడ మొదలెట్టాలి అని అడిగితే చివరికి ఈ ఇద్దరిలో ఎవరు అనే దగ్గరికే వస్తుంది కాబట్టి, నాకు తెలిసినంతలో పక్కపక్కన పెట్టి చూద్దాం. నేను ఎటు వైపో దాచను, మెల్లగా మీకే అర్థమవుతుంది.

ఇద్దరూ పుట్టింది 1953లోనే, నోరా మే నెలలో, విల్మా నవంబర్‌లో. పోలిక అక్కడితో సరి. విల్మా 1963లో తొమ్మిదేళ్లకే ట్రూడిస్ లీట్ అనే సినిమాలో కనిపించేసింది, అంటే కెమెరా ముందే పెరిగిన పిల్ల. నోరాది బికోల్ ప్రాంతంలో ఇరిగా అనే ఊరు, పేదిల్లు, చిన్నప్పుడు రైల్వే స్టేషన్‌లో ఆగిన రైళ్ల దగ్గర మంచినీళ్లు అమ్మింది. పాటల పోటీల్లోంచి పైకొచ్చింది, 1967లో తవాగ్ నంగ్ తంగ్‌హాలన్ అనే పెద్ద పోటీ గెలిచాక సినిమావాళ్లు పిలిచారు. అప్పట్లో అక్కడ హీరోయిన్ అంటే తెల్లగా, పొడుగ్గా, స్పానిష్ రక్తం కలిసినట్టు కనిపించాలి. ఈవిడేమో పొట్టి, చామనఛాయ. ఇళ్లల్లో పని చేసే అమ్మాయిలు, మార్కెట్లో కూరలమ్మే ఆడవాళ్లు తెర మీద మొదటిసారి తమలాంటి మొహం చూసుకున్నారు, అందుకే నోరా మీద ఆ అభిమానం మామూలుగా ఉండేది కాదు. తిర్సో క్రూజ్ అనే హీరోతో ఆమె జంట ఎంత పిచ్చి లేపిందంటే, ఆయన ఇచ్చిన ఒక బొమ్మని ఫ్యాన్స్ ఆ ఇద్దరికీ పుట్టిన బిడ్డలాగా చూసుకున్నారు, దానికి మరియా లియోనోరా తెరెసా అని పేరు కూడా ఉంది. బొమ్మకి! మన దగ్గర కూడా ఇంతదూరం పోలేదనుకుంటా.

విల్మా రూటు వేరు. 1973లో దార్నా, అంటే వాళ్ల ఎగిరే సూపర్‌హీరోయిన్, ఆ వేషం వేసి పిల్లల్ని పట్టేసింది, మళ్లీ మళ్లీ వేసింది. 1977లో బర్లెస్క్ క్వీన్‌లో క్లబ్ డాన్సర్‌గా చేసి మంచి పిల్ల ఇమేజ్‌ని తనే పగలగొట్టుకుంది. అలా ఎప్పుడు ఏది మార్చుకోవాలో విల్మాకి తెలిసినట్టు నోరాకి తెలీదు, లేదా తెలిసినా పట్టించుకోలేదు, నాకైతే రెండోదే నిజమనిపిస్తుంది. 1976లో నోరా తన సొంత బ్యానర్‌లో తత్లొంగ్ తావొంగ్ వలాంగ్ దియోస్ తీసింది, జపాన్ ఆక్రమణ రోజుల కథ, జపాన్ సైనికుడు చెరిచిన టీచరమ్మ తర్వాత అతన్నే ప్రేమించడం. గల్లా పెట్టె చూసుకునేవాళ్లు ఎవరూ ఆ కథ మీద సొంత డబ్బు పెట్టరు.

ఇక అసలు తగువు 1982. ఒకే సంవత్సరం, ఒకే డైరెక్టర్ ఇష్మాయెల్ బెర్నాల్, ఇద్దరితో చెరో సినిమా. నోరాతో హిమాలా, విల్మాతో రెలాస్యోన్. ఇంతకంటే న్యాయమైన పోటీ ఎవరు పెట్టగలరు చెప్పండి.

హిమాలాలో వానల్లేక ఎండిపోయిన ఊరు, గ్రహణం రోజు ఎల్సా అనే అమ్మాయి మేరీమాత కనిపించింది అంటుంది, రోగాలు నయం చేస్తుంది, ఇంక చూడండి, బస్సుల్లో జనం, సీసాల్లో నీళ్ల అమ్మకం, ఊళ్లో సానికొంప కూడా తెరుస్తారు. మన ఊళ్లల్లో చెట్టుకి పాలు కారాయంటే ఏం జరుగుతుందో తెలిసినవాళ్లకి ఇది వేరే దేశం సినిమా అనిపించదు. ఇలోకోస్ నార్తే ఇసుకదిబ్బల్లో తీశారు, చివరి సీన్‌కి దాదాపు 3000 మంది జనం. ఆ జనం మధ్య కొండ మీద నిలబడి నోరా మాట్లాడుతుంది. సినిమా మొత్తం దాదాపు నోరు విప్పని మనిషి ఒక్కసారి గొంతు ఎత్తుతుంది, అద్భుతాలు లేవు, దేవుళ్లనీ శాపాలనీ చేసేది మనమే అని. ముందంతా అంత మౌనం ఉండబట్టే ఆ అరుపు అలా తగులుతుంది. 2008లో సీఎన్ఎన్ పెట్టిన ఓటింగ్‌లో ఆసియా పసిఫిక్ మొత్తం మీద ఆల్‌టైమ్ బెస్ట్‌గా దీన్నే ఎన్నుకున్నారు.

రెలాస్యోన్‌లో కొండలూ లేవు జనమూ లేరు. పెళ్లయిన మగాడితో ఉంటున్న ఆడది, అంతే. ఫిలిప్పీన్స్‌లో విడాకుల చట్టం లేదు, ముస్లింలకి తప్ప, కాబట్టి అతను భార్యని వదిలేసి వచ్చినా ఈవిడ ఎప్పటికీ రెండోదే. అన్నం పెడుతుంది, బట్టలు ఉతుకుతుంది, అలుగుతుంది, మళ్లీ సర్దుకుపోతుంది. హీరో ఇంట్లో ఉన్నట్టుండి కుప్పకూలే సీన్‌లో విల్మా గది అంతా పరిగెడుతూ ఏం చెయ్యాలో తెలీక అల్లాడిపోవడం చూస్తే నటిస్తోందని మర్చిపోతాం. ఆ ఏడాది అవార్డులన్నీ విల్మా ఊడ్చేసింది, ఫిలిప్పీన్స్‌లో గ్రాండ్‌స్లామ్ అనే మాటే అక్కడి నుంచి మొదలైంది. నోరానియన్స్ ఇప్పటికీ దీన్ని జీర్ణించుకోలేదు. నోరాకి అలాంటి ఊడ్పు 1990 నాటి ఆంద్రెయా సినిమాతో గానీ రాలేదు.

ఇంకో మసాలా, రెలాస్యోన్ హీరో క్రిస్టఫర్ డి లియోన్ నిజజీవితంలో నోరా మొగుడు, 1975లో పెళ్లి, తర్వాత విడిపోయారు. తెర మీద విల్మాకి బాగా కుదిరిన జోడీ కూడా ఆయనే. 1978లో ఇదే బెర్నాల్ ముగ్గురినీ కలిపి ఇకావ్ ఆయ్ ఆకిన్ తీశాడు, ఇద్దరాడవాళ్లు ఒక మగాడు, ఆఖర్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒక్క మాట లేకుండా చూసుకుంటారు. ఇక్కడ మాత్రం తడుముకోకుండా నోరా అంటాను. కళ్లు ఒక్కటే వాడి నటించే పోటీ పెడితే ఆవిడ ముందు ఎవరూ నిలవరు.

కానీ వలస కూలీల సినిమాల దగ్గరికొస్తే నా తీర్పు తిరగబడుతుంది. 1995లో సింగపూర్‌లో ఫ్లోర్ కాంటెంప్లాసియోన్ అనే ఫిలిపినో పనిమనిషిని ఉరి తీశారు, దేశం అట్టుడికిపోయింది, అదే ఏడాది నోరా ఆవిడ పాత్రలో చేసింది, కైరో ఫిలిం ఫెస్టివల్‌లో ఉత్తమ నటి అవార్డు వచ్చింది. నోరా అద్భుతం, సినిమా మాత్రం హడావిడిగా చుట్టేసినట్టు, ఏడుపు ఎక్కువ. 2000లో విల్మా చేసిన అనాక్ అలా కాదు. హాంకాంగ్‌లో ఏళ్లపాటు పనిచేసి ఇంటికొచ్చిన తల్లి, ఆమెని తల్లిగా ఒప్పుకోని పిల్లలు. నువ్వు సిగరెట్టుకీ తాగుడికీ తగలేసిన డబ్బు పంపడానికి నేను ఎన్ని పూటలు తినకుండా ఉన్నానో ఎప్పుడన్నా అనుకున్నావా అని పెద్ద కూతురి మీద విరుచుకుపడే సీన్ ఒకటుంది. గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి కువైట్‌కి ఇంటిపనికి వెళ్లిన మన ఆడవాళ్లు అక్కడ ఫిలిపినో ఆడవాళ్ల పక్కనే పనిచేశారు, వాళ్ల పిల్లలెవరైనా ఈ సీన్ చూస్తే సబ్‌టైటిల్స్ అక్కర్లేదు.

జీవితం ఎవరిది మెరుగు అంటే అసలు పోటీయే లేదు, విల్మా. 1998లో లిపా నగరానికి మేయర్, 2007లో బతాంగస్ ప్రావిన్స్‌కి మొదటి మహిళా గవర్నర్, తర్వాత ఎంపీ, 2025లో మళ్లీ గవర్నర్, మధ్యమధ్యలో సినిమాలు. నోరా కూడా 2001లో గవర్నర్‌గా నిలబడి ఓడిపోయింది. 2005లో అమెరికా ఎయిర్‌పోర్టులో డ్రగ్స్ కేసు, 2010లో సర్జరీ తర్వాత ఆ బంగారం లాంటి గొంతు పోయింది. కళాకారులకి అక్కడ ఇచ్చే అత్యున్నత గౌరవం నేషనల్ ఆర్టిస్ట్ బిరుదు, దానికి 2014లో లిస్టులో ఉన్న ఆమె పేరుని ప్రెసిడెంటే కొట్టేశాడు, 2018లోనూ ఇవ్వలేదు, 2022లో గానీ దక్కలేదు. ఇంత గందరగోళంలోనూ 2012లో దై వూంబ్ సినిమాలో సముద్రం మీద బతికే బజావ్ తెగ మంత్రసానిగా చేసి వెనిస్ ఫిలిం ఫెస్టివల్ దాకా వెళ్లింది, ఆ సినిమాలో మాటలు ఎంత తక్కువో చూడండి. పోయాక జాతీయ వీరుల శ్మశానంలో ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపారు.

కాబట్టి వందల సినిమాల్లో సగటున ఎవరిది నిలకడ అంటే విల్మా, ఐదే ఐదు సినిమాలు మిగల్చమంటే నోరావే నాలుగు. కొత్తగా మొదలెట్టేవాళ్లు అనాక్‌తో మొదలెట్టండి, మనవాళ్లకి ఇట్టే ఎక్కుతుంది, తర్వాత రెలాస్యోన్, ఆ తర్వాతే హిమాలా. హిమాలా చూసేటప్పుడు మాత్రం పాత మసక కాపీల జోలికి పోకండి, 2012లో బాగుచేసిన ప్రింట్ ఉంది, ఆ ఎండా ఆ దుమ్మూ అందులోనే సరిగ్గా కనిపిస్తాయి. లీనో బ్రోకా తీసిన బోనా కూడా 2024లో బాగుచేసి కాన్స్ ఫిలిం ఫెస్టివల్‌లో వేశారు, ఒక చిల్లర ఎక్‌స్ట్రా నటుడి వెంటపడి అతని ఇంట్లో చాకిరీ చేసే ఫ్యాన్ అమ్మాయిగా నోరా. ఫ్యాన్ వార్స్‌లో మునిగినవాళ్లు మొహమాటం లేకుండా ముందు అదే చూడొచ్చు.