సందుకీ గల్లీకీ తేడా చూపించిన ఆంధ్రభారతి నిఘంటు శోధన

వేసవి సెలవులకి మా అక్క కొడుకు హైదరాబాద్ నుంచి తెనాలి వచ్చాడు. మబ్బు పట్టిందని మా అమ్మ వాడితో "సందులో బట్టలున్నాయి, తీసుకురా నాన్నా" అంటే, వాడు గేటు తీసుకుని బయటికి పోయి, అటూ ఇటూ చూసి, "గల్లీలో బట్టలేం లేవు అమ్మమ్మా" అంటూ తిరిగొచ్చాడు. మా ఇంట్లో సందంటే ఇంటి గోడకీ ప్రహరీకీ మధ్య ఒక్క మనిషి పట్టే జాగా. ఖాళీ సిలిండరు, పాత సైకిలు, బట్టల తీగ అన్నీ అందులోనే. ఈలోపు బట్టలు తడిసిపోయాయి, అది వేరే సంగతి. "పిన్నీ, సందన్నా గల్లీ అన్నా ఒకటే కదా?" అని వాడు అడిగితే వెంటనే జవాబు తట్టక ఫోన్‌లో ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లోని నిఘంటు శోధన తెరిచాను.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, ఇది ఉచితం, లాగిన్ గొడవ లేదు. మాట కొడితే పాత నిఘంటువులు చాలావాటిల్లో ఒకేసారి వెతికి, ఏ అర్థం ఏ నిఘంటువులో ఉందో పేర్లతో సహా ఒకదాని కింద ఒకటి చూపిస్తుంది. 1852లో మొదట అచ్చయిన బ్రౌన్ నిఘంటువూ, 1885 నాటి బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరమూ ఒకే పేజీలో దొరుకుతాయి. ఆ లావుపాటి పుస్తకాలు లైబ్రరీలో బల్ల మీద పరుచుకుని కూర్చునే ఓపిక మనలో ఎంతమందికి ఉంది చెప్పండి!

సందు అనే మాటకి మొదటి అర్థం దారి కాదు, రెండిటి మధ్య మిగిలిన ఖాళీ. సంస్కృతంలో సంధి అంటే కలయిక, కలిసే చోటు. వ్యాకరణంలో సంధీ అదే, కీళ్ళనొప్పులకి సంధివాతం అనడంలో ఉన్నదీ అదే, మన నోట్లో నలిగి సందు అయిందీ అదే. అందుకే పళ్ళ సందులో పీచు ఇరుక్కుంటుంది, తలుపు సందులో వేలు నలుగుతుంది, సందు దొరికితే చాలు కొందరు మాట్లాడటం మొదలుపెడతారు. ఇళ్ళ మధ్య ఖాళీలో జనం నడిస్తే అది కూడా సందే. గల్లీ సంగతి అలా కాదు. హిందీ, ఉర్దూల్లోని గలీ నుంచి వచ్చింది, మనుషులు నడిచే దారికే అంటారు. తలుపు గల్లీలో వేలు పడిందని ఎవరూ అనరు కదా, మావాడికి ఈ ఒక్క ముక్క చెప్పగానే అర్థమైపోయింది. అలాగని గల్లీని పరాయి మాట అనడం నాకు నచ్చదు, తెలంగాణలో తరతరాలుగా పిల్లలు ఆడుకుంటున్నది గల్లీలోనే.

నాకు బాగా సంతోషం కలిగించింది సందుగొందులు. గొంది అన్నా ఇరుకు దారే, మూల అని కూడా అంటారు. మనం సందుగొందులు అన్నట్టే కన్నడిగులు సందిగొంది అంటారు, తమిళులేమో సందు పొందు అంటారు. పొందు అంటే వాళ్ళకి తొర్ర. పక్కపక్క భాషల్లో ఒకే మాట ఇలా జంట మార్చుకుంటూ కనిపిస్తే ఇక ఫోన్ పక్కన పెట్టబుద్ధి కాలేదు.

కొత్తగా వాడేవాళ్ళు పాత నిఘంటువుల పొడి అక్షరాలు చూసి టెన్షన్ పడకండి. దే. అంటే దేశ్యం, అంటే అచ్చంగా మన నేల మీద పుట్టిన మాట, వై. అంటే వైకృతం, అంటే మరో మాట నుంచి రూపు మారి వచ్చింది, వి. అంటే విశేష్యం, మనం నామవాచకం అనేదే. ఈ మూడూ తెలిస్తే సగం పని అయినట్టే. ఇంకో మాట, ఏదో ఒక్క అర్థం చూసి ఆపేయకుండా కిందిదాకా చదవండి, అసలు రుచి అక్కడే ఉంది. పిల్లలకి వినేందుకు ఉచ్చారణ కూడా ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది, కానీ పైసా తీసుకోకుండా ఇంత పని చేసినవాళ్ళకి నేను ఐదుకి ఐదూ ఇస్తాను.

మావాడు ఇప్పుడు రోజుకో మాట తెచ్చి వెతికిస్తున్నాడు. నిన్న వసారా అడిగాడు. సాయంత్రం వాళ్ళ అమ్మమ్మ పిలవకముందే సందులోకి వెళ్ళి బట్టలు తెచ్చాడు, తీగకి ఉన్న క్లిప్పులతో సహా.